పదిహేడో ట్యాంకరు మీద పిల్లి

నేను రసాయనశాస్త్రంలో మూడుసార్లు తప్పాను. నాలుగోసారి రాయాల్సిన ఎండాకాలంలో రసాయనశాస్త్రమే రైలెక్కి మా వీధికొచ్చింది. అందులో నా తప్పెంతో, కంపెనీ తప్పెంతో తేల్చడానికి ఒక రిటైర్డు జడ్జిగారు, ముగ్గురు నిపుణులు, రెండొందల పన్నెండు పేజీలు పట్టాయి. వాళ్ళు తేల్చింది వాళ్ళు తేల్చారు. నాకు తెలిసింది నేను చెబుతాను.

మా ఇల్లు ఒక రసాయనాల కంపెనీ గూడ్సు యార్డు గోడకి ఆనుకుని ఉండేది. బండి కదిలితే వంటింట్లో గిన్నెలు వాటంతటవే చోట్లు మారేవి. అమ్మ పొయ్యి మీద పెట్టిన పాలు పక్కింట్లో పొంగుతాయని కాలేజీలో చెబితే ఇద్దరు నమ్మారు. నాన్న ఆ యార్డులోనే, బండి బయల్దేరే ముందు చక్రాలు చూసే పని చేసేవాడు. చక్రం ఇరుసు చివర ఒక ఇనప పెట్టె ఉంటుంది. దాన్ని వాళ్ళు బాక్సు అంటారు. నాన్న చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపు బాక్సుకి ఆనించి చూసేవాడు. చల్లగా ఉంటే పక్కన సుద్దముక్కతో సున్నా గీసేవాడు. సున్నా అంటే వెళ్ళొచ్చు. చుర్రుమంటే ఇంటూ. ఇంటూ అంటే ఆ వ్యాగన్ని విడదీసి పక్క లైన్లోకి తోసెయ్యాలి. సున్నా వస్తే సంతోషించే ఉద్యోగం లోకంలో నాన్నదొక్కటే కాబట్టి, నా మార్కులు చూసి కూడా ఆయన పెద్దగా బాధపడేవాడు కాదు.

ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. అన్నం గిన్నె, గోడ, ఇస్త్రీ పెట్టె, ఏది చూడాలన్నా చెయ్యి తిరగేసే. నాకు జ్వరమంటే నుదుటి మీద అలాగే ఆనించి, "వెళ్ళొచ్చు" అనేవాడు. అంటే కాలేజీకి. నా బతుకులో ఒక్క ఇంటూ కూడా పడలేదు.

నిజానికి ఇంటూ ఒక్కటీ చాలదు. దాంతోపాటు వ్యాగన్‌కి ఒక ఎర్ర అట్ట తీగతో కట్టాలి. అట్ట వేలాడుతుంటే ఇంజను తగిలించకూడదు. ఆ అట్టలు స్టోరులో అయిపోయి ఏడు నెలలైంది. నాన్న మూడుసార్లు రాసిచ్చాడు. మూడుసార్లూ 'పరిశీలనలో ఉంది' అని జవాబొచ్చింది. అట్టముక్కని ఏడు నెలలు పరిశీలించగల కంపెనీ, అరవై వ్యాగన్ల బండిని పరిశీలించడానికి నాన్నకి పన్నెండు నిమిషాలిచ్చింది. అంతకుముందు ఏడాది వరకూ నలభై ఉండేవి.

ఆ పన్నెండు నిమిషాలకి కాపలాదారు సూపర్వైజరు. అందరూ గడియారం అనేవాళ్ళు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహం చూడడు, చేతికున్న గడియారం చూస్తాడు. పెళ్ళాం ప్రసవించిందని ఫోనొస్తే "ఎన్ని నిమిషాలు లేటు?" అని అడిగాడని యార్డులో చెప్పుకునేవాళ్ళు. ఆ మాట పుట్టించింది నేనే.

మా ఇంట్లో నాలుగో మనిషి మా మేనత్త, నాన్నకి అక్క. ఆసుపత్రిలో టోకెన్ నంబర్లు పిలిచే ఉద్యోగం చేసి రిటైరైంది. మైకు ఇస్తే వద్దందిట. ఆవిడ "నలభై రెండూ" అని పిలిస్తే, ఇంకా ఇంట్లో బట్టలు వేసుకుంటున్న నలభై రెండో నంబరు కూడా పరిగెత్తుకొచ్చేవాడు. ఇది మాత్రం నేను పుట్టించింది కాదు.

నాన్న రోజూ అన్నం డబ్బా మర్చిపోయేవాడు. నేను పట్టుకెళ్ళేదాన్ని. బయటివాళ్ళు లోపలికి రాకూడదని యార్డు గోడ మీద పెద్దక్షరాలతో రాసుండేది. ఆ రాత పక్కనే గోడకి కన్నం. కన్నం పాతది, రాత కొత్తది, అందుకని నేను పాతదాన్నే గౌరవించేదాన్ని. వెళ్ళినదాన్ని ఊరికే రాలేను కదా. జేబులో సుద్దముక్క ఉండేది. నాన్న గీసిన సున్నాలకి కళ్ళూ ముక్కూ పెట్టేదాన్ని. ఒక్కోదానికి చేతిగడియారం కూడా పెట్టేదాన్ని. ఇంటూ మార్కు అచ్చం పిల్లి మూతిలా ఉంటుంది. పైన రెండు చెవులు, రెండు కళ్ళు, అటు మూడు ఇటు మూడు మీసాలు గీస్తే పిల్లి తయారు. సున్నాలు నేను చూడని ఊళ్ళన్నీ తిరిగేవి. పిల్లులు మాత్రం పక్క లైన్లో, ఇంటిపట్టునే ఉండేవి.

ఆ రోజు నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. నాన్న పదిహేడో వ్యాగన్ దగ్గరున్నాడు. పొడుగాటి ట్యాంకరు. లోపలేముందో రాయలేదు, నంబరొక్కటే ఉంది. బాక్సు మీద చెయ్యి తిరగేసి ఆనించి, వెంటనే లాక్కున్నాడు. వేళ్ళు ఊదుకున్నాడు. బాక్సు పైన ఉన్న ఇనప పట్టీ మీద అరచెయ్యంత ఇంటూ గీశాడు.

"ఇది పోదు," అన్నాడు. అని, నా చేతిలో డబ్బా చూసి, పక్కన పెట్టమన్నాడు. అవతల లైన్లో ఇంకో బండి కాచుకుని ఉందిట. "ఇంటికి పో కోతీ. గీతలు గీయకు."

ఆయన చెప్పినవాటిలో మొదటిది పాటించాను, కొంచెం ఆలస్యంగా.

ఒంటిగంట దాటాక అత్త మేడమీద ఆరేసిన బట్టలు తీస్తోంది. నేను పుస్తకం తెరిచి దాని మీద నిద్రపోతున్నాను. గిన్నెలు కదిలాయి. బండి వెళ్ళినట్టు కదిలి ఆగలేదు, అరలోంచి కిందకి దూకాయి. మా వీధి చివర పట్టాలు మలుపు తిరిగే చోట, ఎవరో ఇనప బీరువాలు వరసగా మెట్ల మీంచి తోసేస్తున్నట్టు చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. తర్వాత వాసన. కొత్త చెప్పుల వాసన, దాని వెనక ఎక్కడో తీపి. మేడమీంచి అత్త, "ఏమే, లేవండర్రా," అని ఒక్క కేక వేసింది. మలుపు దగ్గర తెల్లటి మబ్బు నేల మీద పాకుతూ వస్తోందని చెప్పింది.

అమ్మా నేనూ తడిగుడ్డలు మొహానికి కట్టుకుని గాలికి ఎదురు దిక్కుకి పరిగెత్తాం. అత్త రాలేదు. వీధిలో ఆ వేళ సగం మంది నిద్రలో ఉంటారని, ఒక చివర నించి ఇంకో చివరకి తలుపు తలుపుకీ వెళ్ళి, ఇంటి నంబర్లు పిలుచుకుంటూ పోయింది. మొహానికి గుడ్డ కట్టుకుంటే గొంతు వినపడదని కట్టుకోలేదు. అదే సమయంలో కంపెనీ వాళ్ళ మైకు బండి ఒకటి వచ్చి, ఎవరూ బయటికి రావద్దు, తలుపులు బిగించుకోండి అని చెప్పింది. అరగంట తర్వాత అదే బండి, అదే గొంతు, అందరూ వెంటనే బయటికి వెళ్ళిపోండి అంది. మధ్యలో ఆ అరగంట తలుపులు బిగించుకున్నవాళ్ళలో తొమ్మిది మంది మళ్ళీ తియ్యలేదు. మా ఎదురింటి టైలరమ్మ మొగుడు అందులో ఒకడు. ఆవిడ అత్త పిలుపు విని బయటికొచ్చింది. ఆయన మైకు మాట విన్నాడు.

ట్యాంకర్లో ఏముందని ఆసుపత్రివాళ్ళు కంపెనీని అడిగారు. వ్యాపార రహస్యం అన్నారు. ఏం పీల్చారో తెలియకుండా ఏం మందు ఇవ్వాలో తెలియదు కదా అని డాక్టర్లు మళ్ళీ అడిగారు. పై ఆఫీసు అనుమతి కావాలన్నారు. ఒకటిన్నర రోజు తర్వాత అనుమతి వచ్చింది. అప్పటికి వరండాలో నేల మీద కూడా జనాన్ని పడుకోబెట్టేశారు. అత్త ఏళ్ళ తరబడి నంబర్లు పిలిచిన ఆ హాల్లోనే అత్తకి టోకెన్ ఇచ్చారు. ఇప్పుడు అక్కడ పిలవడానికి మనిషి లేదు, గోడకి ఎర్రంకెలు వెలిగే మిషను ఉంది. అది మూడుసార్లు ఆగిపోయింది.

పన్నెండు రోజులు ఒక స్కూల్లో పడుకుని ఇంటికొచ్చాం. అత్త గొంతు రాలేదు. ముందు కీచుమంది, తర్వాత గాలి, తర్వాత అదీ లేదు. నా చిన్నప్పటి పలక అటక మీంచి దింపి, నాన్న సుద్దముక్క ఒకటి ఇచ్చాం. అత్త దాని మీద రాసిన మొదటి మాట నాకు గుర్తుంది. 'మీకు పండగే.'

నాన్నని పన్లోంచి ఆపేశారు. పదిహేడో ట్యాంకరు బాక్సు ఎర్రగా కాలి, ఇరుసు విరిగి, అదే పట్టాలు తప్పి మిగతావాటిని లాగిందని తేలింది. దాని మీద సున్నా ఉందని కంపెనీ చెప్పింది. నేను ఇంటూ పెట్టానని నాన్న చెప్పాడు. కాగితం లేదు, అట్ట లేదు. సుద్ద మార్కుకి సాక్షి ఎవరని అడిగారు. నాన్న ఎవరూ లేరన్నాడు.

ఆ రోజు సాయంత్రం నన్ను వంటింట్లోకి పిలిచాడు. "నువ్వారోజు రాలేదు," అన్నాడు. నేను వచ్చాను కదా అనబోయాను. "డబ్బా నేనే తీసుకెళ్ళాను. విన్నావా? యార్డులోకి వచ్చినందుకు నీ మీద కేసు పెడతారు."

అలా మా ఇంట్లో మొదటిసారి నాన్న అబద్ధం చెప్పాడు, నేను నోరు మూసుకున్నాను. రెండూ ఒకే రోజు జరగడం వింతే. వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. దూరం జరిగారు, అంతే. కుళాయి దగ్గర అమ్మ నిలబడితే, లైనులో ఆవిడకి ముందూ వెనకా ఒక్కో మనిషి పట్టేంత జాగా ఉండేది. టైలరమ్మ కుట్టడానికి ఇచ్చిన నా జాకెట్టు ముక్కల్ని, కుట్టకుండా, మడతపెట్టి మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. నాన్న రోజంతా ఇంట్లోనే ఉండి గోడలకి చెయ్యి ఆనించుకుంటూ తిరిగేవాడు. యార్డులో బండి కదిలే చప్పుడైతే నిలబడి లెక్కపెట్టేవాడు. పదిహేడు దగ్గర ఆగిపోయేవాడు.

ఎండలు ముదిరాక విచారణ సంఘం వచ్చింది. కంపెనీ ఇచ్చిన ఫొటోలు ప్రజలందరూ చూసుకోవచ్చని లైబ్రరీ గోడకి అంటించారు. ప్రజలందరూ అంటే ఆ మధ్యాహ్నం నేనూ, పేపరు కప్పుకుని నిద్రపోతున్న ఒకాయనా. ఆరో ఫొటో పదిహేడో ట్యాంకరుది. అది అవతలి పక్కకి ఒరిగింది కాబట్టి ఈ పక్క నలగలేదు. ఇనప పట్టీ మీద పెద్ద సున్నా. నాన్న నేరానికి రుజువు.

ఆ సున్నాకి మీసాలున్నాయి.

అటు మూడు, ఇటు మూడు. పైన రెండు చెవులు. మధ్యలో తడిగుడ్డతో రుద్దిన తెల్లటి మరక, మరక మీద సున్నా. నేను సున్నాకి ఎప్పుడూ పిల్లిని గీయలేదు. ఎవరో నా పిల్లి మూతి తుడిచేసి, మీసాలు తుడవడం మర్చిపోయారు.

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న ఆశ్చర్యపోలేదు. ఫొటో ఆయన ముందే చూశాడనీ, చూసే ఊరుకున్నాడనీ నాకప్పుడు అర్థమైంది. వద్దన్నాడు. అమ్మ ఆయన వంకా, నా వంకా చూసి ఏడ్చింది. అత్త పలక ఒళ్ళో పెట్టుకుని రాసి, నా మీదకి విసిరినంత పని చేసింది. ఒకటే మాట. 'చెప్పు.'

విచారణ మునిసిపల్ ఆఫీసు పైహాల్లో. ఫ్యాన్లు ఆరు, తిరిగేవి రెండు. ఆ రెండూ కంపెనీ లాయరు మీద. కంపెనీ డైరెక్టరు రాలేదు, గోడ మీద తెరలో కనిపించాడు. ఆయన వెనక అద్దాల కిటికీ, అందులో నీలంగా కడిగినట్టున్న ఆకాశం. ఇవతల హాలంతా దగ్గు.

నేను నిలబడి అంతా చెప్పాను. కన్నం, డబ్బా, సుద్ద. నా పాత చరిత్ర తెలిసినవాళ్ళు వెనక వరసల్లో అప్పుడే నవ్వడం మొదలెట్టారు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని, పిల్లే ఎందుకమ్మా అని అడిగారు.

"ఇంటూ అయితేనే పిల్లి వస్తుందండి," అన్నాను. "సున్నాకైతే సూపర్వైజరుగారొస్తారు."

హాలు హాలంతా నవ్వింది. రెండు నెలల తర్వాత ఆ ఊళ్ళో అంతమంది కలిసి నవ్వడం అదే మొదలు. జడ్జిగారు భూతద్దం తెప్పించుకుని ఫొటో చూశారు. పక్కవాళ్ళకి చూపించారు. నాన్న తల ఎత్తడం చూశాను. గెలిచామనుకున్నాను.

అప్పుడు గడియారాన్ని పిలిచారు. మనిషి సగమయ్యాడు. తుడిచింది తనేనని ఒప్పేసుకున్నాడు. లాయరు నెమ్మదిగా, ఎందుకు తుడిచారని అడిగాడు.

"బొమ్మ అనుకున్నానండి," అన్నాడు గడియారం. "ఈ అమ్మాయి రోజూ ఏదో ఒకటి గీస్తుంది. ఇంటూ కూడా ఆ పిల్లిలోదే అనుకున్నా."

లాయరు ఇంక అడగాల్సింది లేదని కూర్చున్నాడు. ఫ్యాను గాలికి ఆయన కాగితాలు హాయిగా కదిలాయి. నవ్విన మొహాలన్నీ ఒక్కొక్కటే నా వైపు తిరిగాయి. టైలరమ్మ కూడా తిరిగింది. నేను ఎన్నో వెధవ వేషాలు వేశాను. పక్కింటి తలుపుకి బయట గొళ్ళెం పెట్టాను, ప్రిన్సిపాలు కుర్చీ కాలు కోశాను. నా వేషాలకి అప్పటిదాకా ఎవరూ చచ్చిపోలేదు.

నాన్న లేచి, ఒక్క మాట అడగొచ్చా అన్నాడు. జడ్జిగారు తలూపారు.

"తుడిచావు, బాగానే ఉంది," అన్నాడు నాన్న. "సున్నా ఎందుకు పెట్టావు?"

గడియారం లాయరు వంక చూశాడు.

"బొమ్మైతే తుడిచి పోవాలి. సున్నా పెట్టాలంటే బాక్సు మీద చెయ్యి పెట్టాలి. పెట్టావా?"

గడియారం తన చేతిగడియారం వంక చూసుకున్నాడు. అలవాటు.

"టైం లేదు," అన్నాడు.

నాన్న కూర్చున్నాడు. రాసుకునే గుమాస్తా, ఇది రాయాలా అన్నట్టు ఆగి, రాశాడు. పన్నెండు నిమిషాల ఉత్తర్వు ఎవరిచ్చారని జడ్జిగారు అడిగారు. అది సంస్థ లోపలి విషయమని లాయరు లేచాడు. నేనడిగింది మిమ్మల్ని కాదంటూ జడ్జిగారు తెర వైపు తిరిగారు. డైరెక్టరు పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. తర్వాత ఆకాశంతో సహా ఆయన మాయమైపోయి, కనెక్షన్ పోయిందని తెర మీద అక్షరాలు వచ్చాయి. అత్తకి నవ్వొచ్చింది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం ఎగిరాయి. అది దగ్గయ్యి, ఆగలేదు. రుమాలు ఎర్రబడింది. ఆవిణ్ణి పట్టుకుని నేను బయటికి తీసుకొచ్చేశాను. మిగతా విచారణ నేను చూడలేదు.

మెట్ల మీద కూర్చున్నాం. కాసేపటికి గడియారం కూడా దిగి వచ్చాడు. పక్కనించి పోబోతుంటే నేనే అడిగాను. "బాబాయ్, నిజంగా పిల్లి అనుకున్నావా?"

మొదటిసారి ఆయన నా మొహం వంక చూశాడు. "ఏమోనే," అన్నాడు. "రోజూ అదే అడుక్కుంటున్నా."

మొదటి వాన పడ్డ వారంలో రిపోర్టు వచ్చింది. ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయిట. యార్డులో అనధికార గీతలు మొదటిది. వాటిని అడ్డుకోని ఉద్యోగి రెండోది. అక్కణ్ణించి చదువుకుంటూ పోతే గడియారం తొందరపాటు, ఇంకా చాలా పేజీల తర్వాత, వీలును బట్టి సమయపాలన పద్ధతుల్ని సమీక్షించుకోవచ్చని కంపెనీకి ఒక సలహా. అట్టల మాట అడుగున చిన్నక్షరాల్లో ఉంది. కంపెనీ విచారం తెలియజేసింది. డైరెక్టరు ఇంకా పెద్ద ఆఫీసుకి మారాడు. నాన్ననీ గడియారాన్నీ ఒకే కాగితం మీద తీసేశారు. యార్డుకి ఎర్ర అట్టలు వెయ్యి వచ్చాయి, పెట్టె విప్పే మనిషి లేక స్టోరులో ఉన్నాయని చెప్పారు. గోడకి కన్నం పూడ్చేశారు. టైలరమ్మ ఒకరోజు వచ్చి, గుమ్మంలో పెట్టిన జాకెట్టు ముక్కలు ఎక్కడున్నాయో అడిగి పట్టుకెళ్ళింది.

అత్త రిపోర్టు మొత్తం చదివింది. ఊళ్ళో ఆ పని చేసింది ఆవిడొక్కతే అయుంటుంది. మంచం మీద దిండ్లకి ఆనుకుని, రెండు పేజీలు చదివి ఊపిరి తీసుకుని, మళ్ళీ రెండు పేజీలు. నూట నలభయ్యో పేజీలో నా పిల్లి ఉంది. ఆరవ చిత్రం. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పలక అడిగింది. రాయడానికి చాలాసేపు పట్టింది.

'ఎడమ చెవి వంకరగా గీశావు.'

ఇంకెప్పుడు గీసినా సరిగ్గా గీస్తానన్నాను. ఇంకెప్పుడూ గీయనని ఇద్దరికీ తెలుసు. రెండు రోజుల తర్వాత పొద్దున్న కాఫీ తెచ్చేసరికి అత్త లేదు. నాన్న పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి తిరగేసి ఆనించాడు. అలాగే ఉంచాడు.

పదిరోజులు పోయాక అమ్మ ఆ గది కడిగింది. మంచం బయట వేసింది. తడిగుడ్డ పిండుకుని పలక చేతిలోకి తీసుకుంది. నాన్న గుమ్మంలోంచి చూసి గబగబా వచ్చాడు. లాక్కోలేదు, చెయ్యి తిరగేసి, అక్షరాలకి తగలకుండా చెక్క అంచు మీద ఆనించాడు.

"ఉండనీ," అన్నాడు.

పలక అప్పణ్ణించి గోడ మేకుకే ఉంది. ఎవరూ ముట్టుకోరు. కానీ యార్డులో బండ్లు నడుస్తూనే ఉన్నాయి, ఒక్కోటి కదిలినప్పుడల్లా గోడ అదిరి కొంచెం సుద్ద రాలుతుంది. 'ఎడమ' పోయింది. 'చెవి' పోతోంది.